కంప్యూటర్ నేర్చుకుంటే జీతం పెరుగుతుందా?

ఈ హాస్టల్లో చదివి వెళ్లిన అన్నలు పండక్కో సెలవులకో వచ్చినప్పుడు, మెస్ హాల్లో మమ్మల్ని కూర్చోబెట్టుకుని తప్పకుండా చెప్పే మాట ఒకటుండేది. “ఏం చదివినా చదవకపోయినా కంప్యూటర్ మాత్రం నేర్చుకోండి తమ్మీ, ఇక మీకు తిరుగుండదు.” మేము విన్నాం, నమ్మాం, నేర్చుకున్నాం. తిరిగాం కూడా, చాలా ఆఫీసుల చుట్టూ.

అన్నలు అబద్ధం చెప్పారని అనడానికి ఈ వ్యాసం రాయడం లేదు. వాళ్లు చెప్పింది నిజమే, కాకపోతే సగం నిజం. మిగతా సగం మేము కొంత డబ్బు పోగొట్టుకుని, కొంత పుస్తకాలు చదివి తెలుసుకున్నాం. ఇప్పుడు తొమ్మిది, పది చదువుతున్న తమ్ముళ్లకు ఆ రెండో సగం కూడా చెప్పాలనిపించింది.

మేమంటే 2018లో ఇక్కడి నుంచి పదో తరగతి రాసి వెళ్లిన వాళ్లం. పాలమూరు పల్లెల కూలీల పిల్లలం. మా ఇండ్లల్లో డిగ్రీ పట్టా చేతపట్టిన మొదటి మనుషులం మేమే. మాలో ఎం.ఏ. అర్థశాస్త్రం దాకా వచ్చినవాళ్లం కలం పట్టాం. మిగతావాళ్లు తమ జీతాల లెక్కలు చెప్పారు.

మేము చదివిన బడిలో కంప్యూటర్ గది ఉండేది. దానికి తాళం కూడా ఉండేది. దసరా సెలవుల ముందు రోజు ఆ గది తెరిచి, దుమ్ము దులిపి, మానిటర్లకు బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మళ్లీ తాళం వేసేవారు. ప్రసాదం మాత్రం అందరికీ అందేది. జాతీయ నమూనా సర్వే 75వ విడత లెక్కల ప్రకారం 2017-18లో మన దేశంలో కంప్యూటర్ ఉన్న కుటుంబాలు పల్లెల్లో 4.4 శాతం, పట్టణాల్లో 23.4 శాతం. ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి పల్లెల్లో 14.9 శాతం, పట్టణాల్లో 42 శాతం. అంటే మేము పది పరీక్షలు రాసిన ఏడాదే ఎవరి పరుగు ఎక్కడ మొదలవుతుందో రాసిపెట్టి ఉంది. 2020లో కరోనా వచ్చింది. హాస్టళ్లు మూసేశారు. డిగ్రీ మొదటి క్లాసులు ఊళ్లో నీళ్ల ట్యాంకు మెట్లెక్కి ఫోన్లో విన్నాం.

ఇక అసలు విషయానికి వస్తాం. లాక్‌డౌన్ సడలాక మాలో ముగ్గురు మండల కేంద్రంలోని ఒకే ఇన్‌స్టిట్యూట్‌లో, ఒకే సార్ దగ్గర, ఎం.ఎస్. ఆఫీస్ కోర్సు చేశారు. ముగ్గురికీ ఒకే సర్టిఫికెట్ వచ్చింది. ఒకడు అదే ఊళ్లో నెట్ సెంటర్లో కూర్చున్నాడు. దరఖాస్తులు నింపడం, జిరాక్సులు, హాల్ టికెట్లు తీసివ్వడం అతని పని. నెలకు ఏడు వేలు. రెండోవాడు ఒక ప్రభుత్వ ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ మీద డేటా ఎంట్రీ ఆపరేటర్. జీతం ఏజెన్సీ ద్వారా రావాలి. కాగితం మీద ఒక అంకె, చేతికి పదిహేను వేల చిల్లర, అదీ మూడు నెలలకోసారి. మూడోవాడికి హైదరాబాద్‌లో మేనమామ అద్దె గది ఉంది. అక్కడే ఉండి బీకాం చదివాడు, ఇంగ్లీషులో తడబడకుండా మాట్లాడటం అలవాటైంది. ఆ గదిలోనే ఉండే ఒకాయన తన కంపెనీలో అకౌంట్స్ విభాగానికి ఇతని పేరు చెప్పాడు. ఇప్పుడు ముప్పై రెండు వేలు తీసుకుంటున్నాడు, పీఎఫ్ వేరు. మొన్న ముగ్గురూ కలిసినప్పుడు ఎక్సెల్లో ఎవరి చేతివేగం ఎక్కువో పందెం వేసుకున్నారు. నెట్ సెంటర్ వాడే గెలిచాడు.

మరి నైపుణ్యం ఒకటే అయినప్పుడు జీతాలు ఇంత తేడాగా ఎందుకున్నాయి? ఈ ప్రశ్న మీద అర్థశాస్త్రంలో పెద్ద చర్చే జరిగింది. అలన్ క్రూగర్ అనే అమెరికా ఆర్థికవేత్త 1993లో ఒక పరిశోధన అచ్చువేశాడు. 1984, 1989 సంవత్సరాల సర్వేలు తీసుకుని, పనిలో కంప్యూటర్ వాడేవాళ్లకూ వాడనివాళ్లకూ వేతనాల్లో తేడా ఎంతో లెక్కగట్టాడు. చదువూ అనుభవమూ సమానంగా ఉన్నవాళ్లను పోల్చి చూసినా, కంప్యూటర్ వాడేవాళ్లకు 10 నుంచి 15 శాతం ఎక్కువ వస్తున్నట్టు తేలింది. అన్నలు మాకు చెప్పిన మాటకు ఇదే శాస్త్రీయ ఆధారం అనుకోవచ్చు.

నాలుగేళ్ల తర్వాత, 1997లో, జాన్ డినార్డో, యోర్న్ స్టెఫెన్ పిష్కే అనే ఇద్దరు అదే పద్ధతిలో జర్మనీ లెక్కలు వేశారు. అక్కడా కంప్యూటర్ వాడేవాళ్లకు జీతం ఎక్కువే. కానీ వాళ్లు అక్కడితో ఆగలేదు. ఆ సర్వేలో కార్మికులు పనిలో ఇంకేమేం వాడతారో కూడా అడిగారు. చూస్తే, కాలిక్యులేటర్ వాడేవాళ్లకూ జీతం ఎక్కువే. టెలిఫోన్ వాడేవాళ్లకూ అంతే. పెన్సిల్ పట్టుకుని పనిచేసేవాళ్లకు కూడా ఎక్కువే! చివరికి కూర్చుని పనిచేసేవాళ్లకూ అలాంటి తేడాయే కనిపించింది.

ఇది క్లాసులో విన్నరోజు అందరం గట్టిగా నవ్వాం. రాత్రి రూముకొచ్చాక ఆలోచిస్తే నవ్వు రాలేదు. నాట్లు వేసేవాళ్లు, మట్టి మోసేవాళ్లు, ఇటుకలు కాల్చేవాళ్లు ఎవరూ కూర్చుని పనిచేయరు. మా అమ్మానాన్నలు బతుకంతా వంగే పనిచేశారు. వాళ్లకు ఒక కుర్చీ వేసి కూర్చోబెడితే కూలి పెరుగుతుందా? పెరగదు. పెన్సిలూ కుర్చీ కంప్యూటరూ మూడూ ఒకే బల్ల దగ్గర ఉంటాయి. ఆ బల్ల దాకా ముందే చేరుకున్నవాళ్లకు జీతం ఎక్కువ. కంప్యూటర్ నేర్చుకోవడం వేరు, ఆ బల్ల దాకా పోవడం వేరు. మా మూడో మిత్రుణ్ణి బల్ల దగ్గరికి చేర్చింది మేనమామ అద్దె గది. అట్లని నైపుణ్యానికి విలువే లేదని ఆ పరిశోధకులు చెప్పలేదు. ఆ 10, 15 శాతం మొత్తాన్నీ కంప్యూటర్ ఖాతాలో రాయొద్దని మాత్రం చెప్పారు.

ఇంకో సంగతి. నైపుణ్యం విలువ ఎప్పటికీ ఒకేలా ఉండదు. ఈ సంచిక చదివే పెద్దవాళ్లలో కొందరికి టైపు ఇన్‌స్టిట్యూట్ల చప్పుడు గుర్తుండే ఉంటుంది. టైపు పరీక్ష పాసవడం టైపిస్టు పోస్టుకు ఉండాల్సిన అర్హత. టైపు తెలిసినవాళ్లు తక్కువగా ఉన్నంతకాలం దానికి ధర ఉంది. ఇప్పుడు అందరి చేతిలోనూ కీబోర్డే. అందరికీ వచ్చిన విద్యకు ఎవరూ అదనంగా ఇవ్వరు. అయితే అది లేనివాణ్ణి గడప దగ్గరే ఆపేస్తారు. ఒకప్పుడు కంప్యూటర్ వస్తే ఉద్యోగం వచ్చేది, ఇప్పుడు కంప్యూటర్ రాకపోతే ఉద్యోగం రాదు. ఈ రెండూ ఒకే మాట కాదని తమ్ముళ్లు గమనించాలి.

2003లో డేవిడ్ ఆటర్, ఫ్రాంక్ లెవీ, రిచర్డ్ మర్నేన్ అనే ముగ్గురు దీన్ని ఇంకొంచెం లోతుగా చూశారు. ఒక ఉద్యోగంలో ఎన్నో చిన్నచిన్న పనులుంటాయి. ముందే రాసిపెట్టిన నియమం ప్రకారం చేసే పనులను, అంటే కూడికలు, నకళ్లు, ఫైళ్లు వరసలో పెట్టడం లాంటివాటిని, కంప్యూటర్ తానే చేసేస్తుంది. ఆలోచించి తేల్చే పనుల్లో మనిషికి తోడవుతుంది, ఆ మనిషి విలువ పెంచుతుంది. ఇల్లు ఊడ్చడం, వంట చేయడం, బరువులు మోయడం వంటి పనుల జోలికి అది పెద్దగా రాదు. కాబట్టి దెబ్బ ఎక్కువగా నడిమి మెట్టు మీద పడుతుంది. గుమాస్తా, టైపిస్టు, లెడ్జర్ రాసేవాడు ఉండే మెట్టు అదే. మనలాంటి ఇండ్లవాళ్లు పైకెక్కింది ఆ మెట్టు మీద నుంచే కదా! కూలీ కొడుకు గుమాస్తా అయ్యేవాడు, గుమాస్తా కూతురు టీచరో ఆఫీసరో అయ్యేది. నడిమి మెట్టు విరిగిన నిచ్చెన ముందు నిలబడి, కిందివాడు ఒక్క అంగలో పైకి దూకాలి. ఎకరాలో ప్లాటో ఉన్న ఇంటి పిల్లవాడు దూకి పడినా లేస్తాడు.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. ఒక అమెరికా కంపెనీ కస్టమర్ సపోర్టులో పనిచేసే 5 వేల మందికి పైగా ఉద్యోగుల మీద చేసిన అధ్యయనం 2023లో వెలువడింది. ఇలాంటి సాధనం తోడిస్తే గంటలో పరిష్కరించే ఫిర్యాదులు సగటున 14 శాతం పెరిగాయి, కొత్తగా చేరినవాళ్లకైతే 34 శాతం. కొత్తవాళ్లకు, వెనకబడినవాళ్లకు ఇది మంచి వార్తే. అయితే ఆ లెక్క పనిది, జీతానిది కాదు. పని పెరిగితే ఆ లాభం ఎవరి జేబులోకి పోతుందనేది వేరే ప్రశ్న.

మేము డబ్బు పోగొట్టుకున్న కథ ఇక్కడ చెప్పాలి. 2022లో మాలో ఒకడు ఇంటి దగ్గరే కూర్చుని చేసే డేటా ఎంట్రీ పని అన్న ప్రకటన చూశాడు. రిజిస్ట్రేషన్‌కు ఆరు వేలు కట్టమన్నారు. వాళ్ల నాన్న రెండు మేకలు అమ్మి ఇచ్చాడు. వారంలో ఇన్ని వందల పేజీలు టైపు చేయాలి, తప్పులు అసలే ఉండకూడదు. రాత్రింబవళ్లు కూర్చుని చేశాడు. తప్పులు ఎక్కువున్నాయని పైసా ఇవ్వలేదు. పైగా ఒప్పందం ఉల్లంఘించావు, నష్టపరిహారం కట్టకపోతే కోర్టుకీడుస్తామని వకీలు నోటీసు లాంటి కాగితం ఫోన్లో పంపారు. వాడు పది రోజులు ఫోను స్విచ్ఛాఫ్ చేసుకుని పొలంలోనే పడుకున్నాడు. కంప్యూటర్ మీద మనకున్న ఆశే కొందరికి పెట్టుబడి. ఉద్యోగం ఇస్తామని మన దగ్గరే డబ్బు అడిగేవాళ్లు ఇచ్చేది ఉద్యోగం కాదు. నోటీసు చూసి భయపడకుండా ఎవరికైనా పెద్దవాళ్లకు చూపించాలి, 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయాలి. మాకు ఆ రోజు ఈ నంబరు తెలియదు.

ఇదంతా చదివి ఈ విద్య వల్ల పేదవాడికి ఏమీ ఒరగదని అనుకుంటే పొరపాటు. ఒరిగిన చోట్లు ఉన్నాయి. కేరళ ఉత్తర తీరంలో 1997 నుంచి 2001 మధ్య సెల్‌ఫోన్లు వచ్చాయి. అంతకుముందు పడవవాళ్లు చేపలు పట్టుకుని అలవాటైన ఒకే రేవుకు వచ్చేవారు. ఆ రోజు అక్కడ కొనేవాళ్లు లేకపోతే చేపలను పారబోయాల్సిందే. పక్క రేవులో మాత్రం చేపలు లేక జనం తిరిగిపోయేవారు. ఫోను వచ్చాక సముద్రం మీద ఉండగానే ఏ రేవులో ధర ఎంతో అడిగి పడవ అటు తిప్పడం మొదలుపెట్టారు. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త దీన్ని పరిశీలించి 2007లో ప్రకటించాడు. జాలర్ల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది, వృథా దాదాపు పోయింది. వాళ్లు ఏ కోర్సూ చేయలేదు, సర్టిఫికెట్టూ లేదు. ఫోన్లో ధర అడగడం తెలుసు, అంతే. కానీ వల వాళ్లది, చేప వాళ్లది, పడవ ఎటు తిప్పాలో తేల్చుకునే హక్కూ వాళ్లదే. తెలిసిన సంగతి అందుకే డబ్బయింది.

దీని పక్కన మా బ్యాచ్‌లో ఇంకో ఇద్దరిని పెట్టి చూడండి. వాళ్లు హైదరాబాద్‌లో బైకు మీద తిండి పార్సిళ్లు అందిస్తారు. స్మార్ట్‌ఫోన్ వాడటంలో వాళ్లను మించినవాళ్లు లేరు. మ్యాపు, చెల్లింపులు, కస్టమర్‌తో చాటింగు, ఏ ఏరియాలో ఏ వేళ ఆర్డర్లు ఎక్కువో, అన్నీ వేళ్ల చివర ఉంటాయి. ఇది డిజిటల్ నైపుణ్యం కాదా? ముమ్మాటికీ అవును. కానీ ఒక్కో ఆర్డరుకు ఎంత ఇవ్వాలో యాప్ చెబుతుంది. రేపటి నుంచి రేటు మారితే ఫోన్లో ఒక నోటిఫికేషన్ వస్తుంది. ఎన్ని ఆర్డర్లు దాటితే బోనస్ అన్నదీ అది చెప్పినట్టే. సర్వర్ ఎక్కడో, యజమాని ఎవరో తెలియదు.

మన పాలమూరు పెద్దలు వలసపోయి ప్రాజెక్టులు కట్టినప్పుడు గుంపు మేస్త్రీ ఉండేవాడు. అడ్వాన్సు ఇచ్చి కూలీలను తోలుకుపోయేవాడు, కూలి రేటు వాడే తేల్చేవాడు, తన వాటా కోసుకునేవాడు. మా తాతలు వాడి పేరెత్తితే ఇప్పటికీ తిడతారు. అయినా వాడు మనిషి. ఇంటి ముందు కూర్చుని అడగొచ్చు, పదిమందిలో నిలదీయొచ్చు. ఈ కొత్త మేస్త్రీ ఇంటి ముందు ఎక్కడ కూర్చోవాలి? నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం దేశంలో 2020-21 నాటికి ఇలాంటి పనుల్లో 77 లక్షల మంది ఉన్నారు. 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలు అవుతారని అంచనా. వీళ్ల నమోదుకూ సంక్షేమానికీ 2023లో రాజస్థాన్ మొదట ఒక చట్టం చేసింది. చట్టం వచ్చింది సంఘాలు పెట్టి అడిగినందుకే గానీ, ఎవరికో మ్యాపు చూడటం బాగా వచ్చినందుకు కాదు.

ఇక మా ఇంటి సంగతి ఒకటి. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో హాజరు ఫోన్ యాప్ ద్వారానే వేయాలని కేంద్రం తప్పనిసరి చేసింది. పని దగ్గర రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి ఎక్కించాలి. ఆ వేసవిలో మా అమ్మ ఆరు రోజులు గట్టు పనికి పోతే నాలుగు రోజుల డబ్బులే పడ్డాయి. అడిగితే “నెట్‌వర్క్ లేదమ్మా, ఫొటో ఎక్కలేదు, మేమేం చేయాలి” అన్నారు. గడ్డపార పట్టిన చేతులకు సిగ్నల్‌తో ఏం సంబంధమో అమ్మకు అర్థం కాలేదు. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మేము ఉపాధి హామీ వెబ్‌సైట్ తెరిచి, జాబ్ కార్డు నంబరుతో మస్టర్లు వెతికాం. ఆ వివరాలు అందరికీ కనిపించేవే, పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. అమ్మవే కాదు, ఆ గుంపులో పద్నాలుగు మందికి ఆ రెండు రోజులూ లేవు. ప్రింటు తీసి పద్నాలుగు మందితో కలిసి మండల ఆఫీసుకు పోయాం. పాత రెండు రోజుల డబ్బులు రాలేదు. ఆ తర్వాతి వారం నుంచి మాత్రం ఎవరికీ రోజు తప్పలేదు. ఫొటో తీసేటప్పుడు మేటు గుట్ట ఎక్కి సిగ్నల్ చూసుకోవడం మొదలుపెట్టాడు.

ఎం.ఏ. చేసి మేము ఇంతవరకు పెంచిన సంపాదన ఏదైనా ఉందంటే ఇదే. అందులో వాడిన కంప్యూటర్ విద్య ఒక సైటు తెరవడం, ఒక ప్రింటు తీయడం, అంతకు మించి లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి జరిగిన సామాజిక తనిఖీల్లోనూ కంప్యూటర్లోని మస్టర్ల లెక్క తెచ్చి ఊరి సభలో పైకి చదివేవారు. కంప్యూటర్లో ఉన్న లెక్క ఊరి చెవిన పడితేనే మాయమైన రోజులు బయటికొచ్చేవి.

అయితే మా ఊళ్లో ఆ సైటు తెరవగలిగిన ఆడమనిషి ఒక్కరూ లేరు, పనికి పోయేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే అయినా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 చూడండి. ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు తెలంగాణలో 26.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం. మగవాళ్లు దానికి రెండింతలకు పైగా ఉన్నారు. ఇంట్లో ఒకటే ఫోను ఉంటే అది ఎవరి జేబులో ఉంటుందో చెప్పనక్కర్లేదు. మా ఇంట్లోనూ అంతే. చెల్లెలికి ఫోను ఎందుకని వాదించిన వాళ్లలో మేమూ ఉన్నామని ఇక్కడ ఒప్పుకుంటున్నాం.

తమ్ముళ్లూ, అయితే ఏం నేర్చుకోవాలని మీరు అడుగుతారు. ఎక్సెల్ నేర్చుకోండి, తెలుగు యూనికోడ్‌లో టైపు చేయడం నేర్చుకోండి. కానీ దాన్ని ఇంకో విద్యకు తోడుగా పెట్టుకోండి, లెక్కలకో, చట్టానికో, వ్యవసాయానికో, నర్సింగ్‌కో. ఒట్టి కంప్యూటర్ ఒక్కటే వస్తే నెట్ సెంటర్లో కుర్చీ ఖాళీగానే ఉంది. ఇంగ్లీషు కోసం సిగ్గు వదిలి మాట్లాడండి, మేము వదలలేక ఇంటర్వ్యూల్లో నోరు కట్టేసుకుని కూర్చున్నాం. చేరేముందు జీతం ఎంత అని మాత్రమే కాదు, ఎవరిస్తారు, ఎన్నో తారీఖున ఇస్తారు, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా అని అడగండి.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. ఇక్కడికొచ్చి “నేర్చుకోండి” అని చెప్పడంతో పాటు మీ ఉద్యోగం మీకు ఎట్లా దొరికిందో కూడా చెప్పండి. ఎవరి గదిలో ఉన్నారు, ఎవరు పేరు చెప్పారు, ఎన్నిసార్లు తిప్పి పంపారు, అన్నీ. అందుకోసమే ఈ ఏడు వార్డెన్ సార్ అనుమతితో ఆఫీసు గది ముందు బల్ల మీద ఒక పొడుగు రిజిస్టరు పెట్టాం. పేరు రాయనక్కర్లేదు. చేసిన కోర్సు, దానికి కట్టిన ఫీజు, ఉద్యోగం, దొరికిన దారి, చేతికొచ్చే జీతం, ఈ ఐదు గడులు నింపితే చాలు. ఇప్పటికి పదకొండు మంది రాశారు. అందులో ఒకరు జీతం గడిలో ముందు ఒక అంకె వేసి, దాన్ని కొట్టేసి, పక్కన అంతకంటే చిన్న అంకె రాసి వెళ్లారు.